రెండవ మనిషి సంగతి ఏమిటి? – ఒక ప్రదర్శన నమూనాపై విమర్శ

మనిషి రాగానే వెలిగి, కొంతసేపటికి తనంతట తానే ఆరిపోయే దీపం పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలలో తరచు కనిపిస్తుంది. అరకులోయలోని ఒక పాఠశాలలో అట్టి నమూనాను ఈ మధ్య చూచాను. విద్యార్థులు దానిని బొర్రా గుహలను దృష్టిలో ఉంచుకొని తయారుచేశారు. ఆలోచన మెచ్చదగినది. కాని నమూనాలో ఒక పెద్ద లోపం ఉన్నది. అది పిల్లలది కాదు. మనం చెప్పే పాఠానిది.

ముందు మంచిని చెప్పవలెను. అనంతగిరి కొండలలోని బొర్రా గుహలు సున్నపురాతిని నీరు తొలిచినందువల్ల ఏర్పడినవి. వెలుతురు చొరని చోట పచ్చని మొక్క పెరగదు. కాని గుహలో తడిరాతి దగ్గర దీపాన్ని ఎడతెగక వెలిగిస్తే, ఆ వెలుగే ఆధారంగా నాచు పుట్టి రాతిని చెరుపుతుంది. ఫ్రాన్సులోని లాస్కో గుహలో సందర్శకుల ఊపిరి, దీపాల వెలుగు కలిసి గోడలపై నాచును పెంచగా, 1963లో ఆ గుహను ప్రజలకు మూసివేయవలసి వచ్చినది. కనుక మనిషి ఉన్నంతసేపే దీపం వెలగవలెననడం సరియైన మాటే.

ఇక వలయం సంగతి. మనిషి కదలినప్పుడు తనపై పడే పరారుణ కిరణాలలో కలిగే మార్పును సెన్సరు పసికట్టి, క్షణకాలపు సంకేతం పంపుతుంది. దానితో 555 టైమరు పని ప్రారంభిస్తుంది. 1971లో హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించిన ఈ చిప్పు నేటికీ వాడుకలో ఉన్నది. దీని పని కుండ నిండడం వంటిది. రెసిస్టరు సన్నని ధార, కెపాసిటరు కుండ. కుండ మూడింట రెండు వంతులు నిండగానే దీపం ఆరుతుంది. అందుకు పట్టే కాలం, నిరోధాన్ని కెపాసిటీతో గుణించి మరల 1.1తో గుణిస్తే వస్తుంది. విద్యార్థులు 470 కిలో ఓములు, 100 మైక్రో ఫారడులు వాడారు. లెక్కప్రకారం 52 సెకనులు రావలెను. గడియారం 61 చూపినది. ఇది తప్పు కాదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు విలువలో 20 శాతం అటూ ఇటూ ఉండడం మామూలే.

అసలు లోపం వేరు. మొదటి విద్యార్థి సెన్సరు ముందు నుండి దాటిన 50 సెకనులకు రెండవ వానిని నడిపించాను. 11 సెకనులలో దీపం ఆరిపోయినది! గుహలో అయితే ఆ రెండవ మనిషి తడి మెట్ల మీద చీకటిలో నిలిచిపోయేవాడు. టైమరు ఒకసారి లెక్క మొదలుపెట్టిన తరువాత, అది పూర్తి అయ్యేవరకు కొత్త సంకేతాన్ని లక్ష్యపెట్టదు. అది మొదటివాడు వచ్చినప్పటి నుండి కాలాన్ని కొలుస్తున్నది. మనకు కావలసినది చివరివాడు వచ్చినప్పటి నుండి.

"అయితే కాలం పెంచుదామండీ, 10 మెగా ఓములు పెడదాం" అన్నాడొక విద్యార్థి. కాని కుండకు చిల్లి ఉన్నదని మరువరాదు. 9 వోల్టుల వలయంలో, దీపం ఆరవలసిన వేళకు ఆ రెసిస్టరు గుండా వచ్చేది 0.3 మైక్రో ఆంపియరు మాత్రమే. కెపాసిటరులో కారిపోయే విద్యుత్తు అంతకు మించితే కుండ ఎన్నటికీ నిండదు, దీపం ఎన్నటికీ ఆరదు. నాచు మళ్ళీ వచ్చినట్టే.

మందు చిన్నదే. ఒక పి.ఎన్.పి. ట్రాన్సిస్టరు ఎమిటరును కెపాసిటరు ధనాగ్రానికి, కలెక్టరును భూమికి, బేసును టైమరు 2వ కాలికి కలపవలెను. సెన్సరు సంకేతం ఈ కాలి వోల్టేజిని దించినప్పుడెల్లా ట్రాన్సిస్టరు కుండను ఖాళీ చేస్తుంది. లెక్క మొదటి నుండి సాగుతుంది. ఈ ప్రయోగాన్ని బ్యాటరీతో, చిన్న ఎల్.ఇ.డి.తోనే చేయవలెను, ఇంటి కరెంటు జోలికి పోరాదు.

సూత్రం అప్పగిస్తే మార్కులు వేస్తున్నాము. ఒక మనిషి రాగానే దీపం వెలిగి ఆరితే బహుమతి ఇస్తున్నాము. ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: ఇకమీదట ఏ నమూనానైనా పరీక్షించేటప్పుడు ఆ రెండవ మనిషిని కూడా నడిపించి చూడండి.