ప్రశ్న పెద్దదైన కథ

డాబ్స్ తీర్పు చదవాలనుకునేవాళ్లని జస్టిస్ అలిటో రాసిన మెజారిటీ భాగంతో కాకుండా, చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ విడిగా రాసిన కొద్ది పేజీలతో మొదలుపెట్టమంటాను. అబార్షన్‌ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది 2022 జూన్‌లో వచ్చిన ఈ డాబ్స్‌లోనే. పదిహేను వారాలు దాటాక అబార్షన్ కుదరదన్న మిసిసిపీ చట్టం చెల్లుతుందని రాబర్ట్స్ కూడా ఒప్పుకున్నారు. దానికోసం రో ని మొత్తంగా పీకి పారేయడం ఎందుకన్నదే ఆయన అభ్యంతరం. మిసిసిపీ మధ్యలో మాట మార్చిందని కూడా గుర్తుచేశారు.

2020 జూన్‌లో పిటిషన్ వేసినప్పుడు, ఈ కేసు తేల్చడానికి రో ని కొట్టేయక్కర్లేదనే ఆ రాష్ట్రం చెప్పుకుంది. సెప్టెంబరులో జస్టిస్ గిన్స్‌బర్గ్ చనిపోయారు. అక్టోబరులో ఆ సీట్లోకి బారెట్ వచ్చారు. 2021లో పూర్తి వాదన దాఖలు చేసేటప్పటికి రో ని కొట్టేయమనే అడిగింది. చట్టంలో అక్షరం మారలేదు. (మా ఆఫీసు భాషలో, కోడ్ అదే, రివ్యూయర్ మారారు.) మెజారిటీ బలం ఓట్లు లెక్కపెట్టే రోజున తెలుస్తుందనుకుంటాం. ఇక్కడ కోర్టుని ఏం అడగొచ్చో కూడా అదే తేల్చింది.

అలాగని దీన్ని ఉత్త పార్టీ లెక్కగా చదివితే కుదరదు. రో రాసిన బ్లాక్‌మన్ రిపబ్లికన్ నిక్సన్ నియమించిన మనిషి. వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరైన వైట్‌ని నియమించింది డెమోక్రాట్ కెనడీ. 1992లో కేసీ కేసు వచ్చేనాటికి తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది రిపబ్లికన్ నియామకాలే, అయినా రో బతికింది! ఆ దెబ్బతో కన్సర్వేటివ్‌లు పార్టీ పేరు చూసి నమ్మడం మానేశారు. ఫెడరలిస్ట్ సొసైటీ వడపోత అక్కడ పనికొచ్చింది. ట్రంప్ నియమించిన ముగ్గురూ డాబ్స్‌లో ఒకే వైపున్నారు.

అలిటో వచనం ఇవేవీ ఎరగనట్టు నడుస్తుంది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ జడ్జి మాథ్యూ హేల్ దాకా తవ్వుకుంటూ పోయి, ఈ హక్కుకి చరిత్రలో వేళ్లు లేవంటుంది. పద్నాలుగో సవరణ వచ్చిన 1868లో ఆడవాళ్లకి ఓటే లేదు కదా అన్నది నా మొదటి ప్రశ్న. బ్రేయర్, సోటొమయోర్, కేగన్ కలిసి రాసిన అసమ్మతి పట్టుకున్నదీ అక్కడే. మారింది కోర్టులో మనుషులేనని కూడా అది మొహమాటం లేకుండా చెప్పేస్తుంది.

ఆ ఆగస్టులోనే టెక్సస్‌లో దాదాపు పూర్తి నిషేధం అమల్లోకి వచ్చింది. డాలస్‌లో కాపురముంటున్న తెలుగమ్మాయిలకీ అదే చట్టం. ఇది అబార్షన్‌కే పరిమితం, మిగతా హక్కుల జోలికి పోదని అలిటో భరోసా ఇస్తారు. గర్భనిరోధకాల మీదా, స్వలింగ వివాహాల మీదా వచ్చిన తీర్పుల్ని కూడా తిరగదోడాలని థామస్ విడిగా రాశారు. ఆ పేజీల కింద ఆ రోజున ఇంకో జడ్జి పేరు లేదు.