కొండనాలుక ఎటు ఒరిగింది?

గొంతు చూపించుకోవడానికి వచ్చిన మనిషి నోరే తెరవలేకపోతే, లైటు వేయకముందే సగం జబ్బు తెలిసినట్టు. టాన్సిల్ వెనక చీము చేరితే పక్కనున్న దవడ కండరాలు బిగుసుకుంటాయి. మామూలు గొంతునొప్పిలో అలా జరగడం అరుదు.

బెలుం గుహల్లో జనాన్ని తిప్పి చూపించే ఒక కుర్రాడికి అదే వచ్చింది. 3,229 మీటర్ల పొడవు, 46 మీటర్ల లోతున పాతాళగంగ అంటూ పొద్దంతా వల్లించే గొంతు. అరిచి అరిచి పుండు పడిందనుకుని మాత్రలు మింగుతూ కూర్చున్నాడు. చివరికి కొలిమిగుండ్ల వైపు నుంచి నర్సమ్మ ఫోన్ చేసింది.

"సార్, గొంతునొప్పి కేసు. యాంటీబయాటిక్ ఇచ్చి పంపమంటారా?"

"ఒకపక్కనా అమ్మా, రెండు పక్కలా?"

"ఎడమపక్కే. రెండు వేళ్లు పట్టేంత కూడా నోరు తెరవడంలేదు సార్. మాట కూడా ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు ఉంది."

ఇక ఆలోచించలేదు, నంద్యాల పంపించమన్నాను. సూదితో చీము లాగాక ఆ పూటే నీళ్లు తాగాడు.

ఆ ప్రశ్నలు నా సొంత తెలివి కాదు. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ వైద్యులు ఈ చీముగడ్డను అనుమానించడానికి తయారుచేసిన స్కోరులో ఉన్నవే. అందులో అంశాలు ఐదు: ఒకపక్క నొప్పి, దవడ పట్టేయడం, గొంతు మారడం, కొండనాలుక పక్కకు ఒరగడం, రోగి మగవాడు కావడం. వీటిలో కొండనాలుక ఒక్కటే నోట్లోకి చూడాల్సింది. మిగతావన్నీ ఫోన్లో అడిగి తెలుసుకోవచ్చు. అందుకే ఈ స్కోరు ఈఎన్‌టీ డాక్టరుకంటే, దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఒంటరిగా నిర్ణయం తీసుకోవాల్సిన ఆ నర్సమ్మకే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

దీన్ని సెంటార్ స్కోరుతో కలిపేసేవాళ్లున్నారు. అమెరికా వైద్యుడు రాబర్ట్ సెంటార్ 1981లో చెప్పిన ఆ నాలుగు లక్షణాలు వేరు: జ్వరం, టాన్సిల్ మీద తెల్లటి పొర, మెడ గ్రంథులు నొప్పిగా వాయడం, దగ్గు లేకపోవడం. గొంతునొప్పికి స్ట్రెప్టోకాకస్ కారణమా కాదా అన్నదే దాని ప్రశ్న. గడ్డ ఉందో లేదో అది చెప్పదు.

మగవాడైతే ఒక మార్కు ఎక్కువ వేయడం మాత్రం నాకు మింగుడుపడదు. లివర్‌పూల్ వైద్యులు చూసిన రోగుల్లో లెక్క అలా తేలింది కాబట్టి తప్పనలేను. కానీ ఇక్కడ ఇంటిపని తెమిలాకే ఆస్పత్రి గుర్తొచ్చే ఆడవాళ్లెందరో. ఆడమనిషి కాబట్టి ఒక మార్కు తగ్గిందని నేనెవరినీ ఇంటికి పంపను. పైగా ఇది పెద్దవాళ్ల కోసం తయారైన కొలత. గొంతు వెనక గోడలో గడ్డ కట్టే పసిపిల్లలకు దీన్ని వాడకూడదు.

స్కోరు అనుమానం వరకే. వాపు మాత్రమే ఉండి చీము పట్టని దశ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. సూది గుచ్చితే ఏమీ రాకపోవచ్చు. తేల్చేది సూదో స్కానో. వదిలేస్తే చీము మెడలోకి, అక్కడినుంచి ఛాతీలోకి దిగొచ్చు, శ్వాస దారినీ మూసేయొచ్చు.

కాబట్టి నొప్పి ఒకపక్కే ఉండి, నోరు తెరుచుకోక, చొంగ కారుతుంటే మెడికల్ షాపు మాత్రలతో రోజులు నెట్టకండి. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఊపిరి అందకపోతే 108కి ఫోన్ చేయండి.