తొడ దారా, చేతి దారా?

మోపిదేవి, అవనిగడ్డ వైపు నుంచి గుండెనొప్పితో బెజవాడ వెళ్లొచ్చినవాళ్లను "స్టెంట్ వేశారా?" అనే అడుగుతారు అందరూ. ఎక్కణ్ణించి వేశారో ఎవరికీ పట్టదు. ఇంటికొచ్చాక వచ్చే తిప్పలు మాత్రం దాన్నిబట్టే ఉంటాయి.

స్టెంట్‌ను గుండెకు చేర్చే రెండు దారుల్లో తొడ దారి పాతది. 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ చూపిన సూది, తీగ, గొట్టం పద్ధతితో స్థిరపడింది. గజ్జల్లో ధమని లావు, గొట్టం తేలిగ్గా దిగుతుంది. కానీ గొట్టం తీశాక గట్టిగా అదిమి, కాలు కదపకుండా గంటల తరబడి పడుకోవాలి. లోపల కారిన రక్తం పొట్ట వెనక చేరితే పైకి కనిపించనే కనిపించదు. చేతి దారిని 1989లో కెనడాలో కాంపో పరిచయం చేశాడు. మణికట్టు దగ్గర ధమని ఎముక మీదే ఉంటుంది కాబట్టి అదిమితే ఆగుతుంది. ఏడువేల మందికి పైగా రోగులతో 2011లో వెలువడిన 'రైవల్' అధ్యయనంలో పెద్ద రక్తనాళ సమస్యలు తొడ దారిలో 3.7 శాతం, చేతి దారిలో 1.4 శాతం. మరణం, గుండెపోటు, పక్షవాతం, పెద్ద రక్తస్రావం కలిపి చూస్తే మాత్రం పెద్ద తేడా లేదు. చేతి దారిని మరీ ఆకాశానికెత్తేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

సమస్య వచ్చాక చికిత్సలోనూ తేడా ఉంది. చేతి ధమని మూసుకుపోతే, రెండో ధమని అరచేతికి రక్తం అందిస్తుంది కాబట్టి చాలామందికి తెలియను కూడా తెలియదు. (ముందుముందు డయాలసిస్ అవసరమయ్యే కిడ్నీ రోగికి ఆ ధమని విలువ వేరు. డాక్టరుకు ముందే చెప్పాలి.) తొడలో చిల్లు పూడకపోతే పక్కన రక్తపు సంచి ఏర్పడి నాడిలా కొట్టుకుంటుంది. చిన్నదైతే కొన్నిసార్లు తనంతట తనే పూడుతుంది. పెద్దదైతే ఒకప్పుడు ఆపరేషనే గతి. తర్వాత స్కాన్ చూస్తూ అరగంట, గంట అదమడం వచ్చింది. అది రోగికి నరకం, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో తరచూ విఫలం. ఇప్పుడు స్కాన్‌లో చూస్తూ సంచిలోకి రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ అనే మందు ఎక్కిస్తే సాధారణంగా క్షణాల్లో గడ్డకడుతుంది. మందు ధమనిలోకి జారితే కాలికి ప్రమాదమే, అయినా అదమడం కంటే ఇదే మేలు. చీము పట్టినా, గబగబా పెరుగుతున్నా ఆపరేషన్ తప్పదు.

బెజవాడకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న రోగికి, వీలైన చోటల్లా చేతి దారే నా ఓటు. తొడ దారిలో చేయించుకుని వచ్చినవాళ్లు గజ్జల్లో కొట్టుకునే గడ్డ కనిపిస్తే కాపడం పెట్టకండి, నూనె రాసి మర్దనా చేయకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నడుంనొప్పితో కళ్లు తిరిగితే పొట్ట వెనక రక్తం చేరుతుండొచ్చు, 108కి ఫోన్ చేయండి. డాక్టరు చెప్పకుండా స్టెంట్ మాత్రలు మాత్రం ఆపకండి.