నాస్తికుని నోట దేవుని మాట

దేవుడు లేడని వాదించేవాడు కోపం వచ్చినప్పుడు దేవుని పేరే ఎత్తి తిట్టుకొంటాడు. అది విని ఆస్తికులు ముసిముసిగా నవ్వుకోవడం కద్దు. లోపల దాగిన భక్తి కోపంలో బయటపడినదని వారి భావం. కథలలో, నాటకాలలో నాస్తిక పాత్రలను అంచనా కట్టేటప్పుడు కొందరు విమర్శకులు కూడ ఈ తీర్పునే ఇస్తారు. ఇది తొందరపాటు తీర్పు. తిట్టుకు బలం తిట్టేవాని విశ్వాసం నుంచి వస్తున్నదా, లేక మరెక్కడి నుంచైనా వస్తున్నదా అన్నది ముందు తేల్చుకోవలసి ఉన్నది.

ఇందుకు కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం మంచి ఉదాహరణ. అక్కడి ఫ్రెంచివారి ఘాటైన తిట్లలో పెక్కు కాథలిక్ చర్చిలోని పూజాద్రవ్యాల పేర్లే. ద్రాక్షారసం పోసే పాత్ర ‘కాలిస్’. క్రీస్తు దేహంగా భావించి పంచే పలుచని అప్పం ‘ఓస్తి’. ఆ అప్పాన్ని భద్రపరచే మందసం ‘తబర్నాక్’. తలుపు సందున వేలు నలిగినా, బండి కదలక మొరాయించినా ఈ మూడింటినీ దండగా గుచ్చి విసురుతారు. పాత్ర పేరు నుంచి ‘విసిరికొట్టు’ అనే అర్థంలో ఒక క్రియాపదం సైతం పుట్టినది. తెలుగునాట ఎవరైనా పంచపాత్ర, ఉద్ధరిణె అంటూ తిట్టుకొంటే నవ్వు వస్తుందే గాని ఒళ్ళు జలదరించదు. శఠగోపం ఒక్కటే కొంత లోకంలోకి వచ్చినది. అదైనా మోసానికి వేళాకోళపు పేరుగానే తప్ప తిట్టుగా కాదు.

క్యూబెక్‌లో 1960లో లెసాజ్ ప్రభుత్వం ఏర్పడినది మొదలు వచ్చిన మార్పుకు ‘నిశ్శబ్ద విప్లవం’ అని పేరు. అంతవరకు బడులు, ఆసుపత్రులు చాలవరకు చర్చి చేతిలో ఉండేవి. 1964లో విద్యకు ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడినది. తరువాతి తరంలో ఆదివారపు పూజకు వెళ్ళేవారు బాగా తగ్గిపోయినారు. తిట్లు మాత్రం నిలిచినవి. మరొక విశేషమేమంటే, పాత్రకూ అప్పానికీ మందసానికీ ఆ పేర్లు ఫ్రాన్సులోనూ ఉన్నవి. అదీ కాథలిక్ సంప్రదాయం గల దేశమే. అయినా పారిస్ వాని చెవికి అవి తిట్లుగా సోకవు. భాష ఒకటే, మతమూ ఒకటే, భేదమల్లా పెత్తనంలోనిది. క్యూబెక్‌లో ఊరి మతగురువు చదువు మీద, పెండ్లి మీద, సంతానం మీద దీర్ఘకాలం అధికారం నెరపినాడు. తిట్టు గురిపెట్టినది ఆ అధికారం మీద. అది సడలిపోయినా దానితో పడిన పెనుగులాట నాలుక మీద మిగిలిపోయినది.

ఇంగ్లండులో ఆ అధికారం చట్టరూపం కూడ ధరించినది. నాటకరంగం మీద దేవుని పేరును పరిహాసంగా పలికితే పది పౌనుల జరిమానా అని 1606లో పార్లమెంటు శాసించినది. షేక్స్పియర్ ‘ఒథెల్లో’ 1622 నాటి ముద్రణలో ఇయాగో నోట వినిపించే దేవుని నెత్తుటి మీది ఒట్లు, గాయాల మీది ఒట్లు 1623 నాటి సంపుటంలో కనిపించవు. ద్వేషం మారలేదు గాని, రెండవ ఇయాగో కొంచెం మర్యాదస్థుడైనాడు.

తెలుగువానికి ఈ కంచె లేదు. దేవుని పేరు వ్యర్థంగా ఎత్తరాదన్నది బైబిలు ఆజ్ఞ. భాగవతంలో అజామిళుడు చనిపోతూ కొడుకును ‘నారాయణా’ అని పిలిచి తరించినాడు. రామదాసు చెరలో రాముణ్ణి నిలదీసి నిష్ఠురాలాడితే అవి కీర్తనలైనవి. ఎట్లా పలికినా పుణ్యమే వచ్చే పేరుతో తిట్టడం కుదరదు. కనుక తెలుగు తిట్టు తాళి మీదికి, వంశం మీదికి, పాడె మీదికి పోయినది. ఇక్కడి పెత్తనం ఇంటిది, కులానిది. హేతువాది ‘నా ఖర్మ’ అని తల కొట్టుకొన్నంత మాత్రాన పూర్వజన్మను ఒప్పుకొన్నట్లు కాదు. అది వానికి నిట్టూర్పు మాత్రమే.

అనువాదకుడు చిక్కుపడేది ఇక్కడనే. ఆంగ్ల నవలలో నాస్తికుడు పండ్లు కొరుకుతూ దేవుని పేరెత్తిన చోట ‘అయ్యో దేవుడా!’ అని వ్రాస్తే తిట్టు మొర అయిపోతుంది; పిడికిలి బిగించినవాడు చేతులు జోడించి నిలబడతాడు. ‘నీ తాడు తెగ’ అని వ్రాస్తే కోపం నిలుస్తుంది గాని, మతగురువు మాయమై గయ్యాళి అత్తగారు ప్రత్యక్షమౌతుంది. క్యూబెక్ రచన అయితే ‘కాలిస్’ను అట్లాగే ఉంచి, పాఠకుని చెవికి అలవాటయ్యేదాకా వినిపించడం మేలు. అడుగున వివరణ చేర్చిన తిట్టు తిట్టుగా బ్రతకదు.

తెలుగు సాహిత్యంలో ప్రసిద్ధమైన పరాయి తిట్టు గిరీశానిది. 1897లో వెలువడి, 1909లో పెంచి వ్రాయబడిన ‘కన్యాశుల్కం’ చివర గురజాడ వానిచేత ‘డామిట్’ అనిపించినాడు. దేవుడు నిత్యనరకానికి పంపుగాక అని దాని మూలార్థం. క్రైస్తవుల నరకంతో గిరీశానికి పనేమున్నది? ఆ మాట వానికి చర్చి నుంచి కాక దొరల కచేరీ నుంచి, కాలేజీ నుంచి వచ్చినది. సౌజన్యారావు పంతులు ఎదుట బండారం బయటపడి, పెండ్లి ఆశ చేజారిన క్షణాన కూడ వాడు ఆ ఇంగ్లీషునే పట్టుకొని వ్రేలాడినాడు. ‘శివశివా’ అని ఉంటే పశ్చాత్తాపం ధ్వనించేది. ఒకరి వంశాన్ని ఎత్తి తిట్టి ఉంటే కోపం మధురవాణి మీదికి మళ్ళేది. గురజాడ వానిచేత ఆ రెండూ అనిపించలేదు.