ఇరుకే ఇల్మాటిక్ బలం

నాస్ తొలి ఆల్బమ్ 'ఇల్మాటిక్' గురించి ఎవరు రాసినా ముందు అతని వయసు చెబుతారు. 1994 ఏప్రిల్ 19న కొలంబియా రికార్డ్స్ దాన్ని విడుదల చేసేనాటికి నాసిర్ జోన్స్‌కు ఇరవై ఏళ్లు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాడు. అక్కడితో అది బాలమేధావి కథ అయిపోతుంది. పుట్టుకతో వచ్చిన విద్య అనేశాక ఇక విడమరిచి చెప్పడానికి ఏమీ మిగలదు కాబట్టి, ఆ మాట రాసేవాళ్లకు సుఖంగానే ఉంటుంది. నాకు మాత్రం ఈ ఆల్బమ్‌ను నిలబెట్టింది దాని ఇరుకే అనిపిస్తుంది. ఒకే పేట, నలభై నిమిషాల్లోపు నిడివి, మెమరీ చాలని యంత్రాలు, దాదాపు మొదటి నుంచి చివరిదాకా ఒకే గొంతు. ఆ హద్దులనే పనితనంగా మలుచుకోవడంలో ఉంది దీని గొప్ప.

ముందు ఆ పేట సంగతి. న్యూయార్క్‌లో ఈస్ట్ నది ఒడ్డున, క్వీన్స్‌బరో వంతెన పక్కన క్వీన్స్‌బ్రిడ్జ్ హౌసెస్ ఉన్నాయి. 1939లో తెరిచిన ఈ ప్రభుత్వ గృహసముదాయం ఉత్తర అమెరికాలో ఆ తరహా వాటన్నింటిలోకీ పెద్దది, మూడు వేలకు పైగా ఫ్లాట్లు. ఆరంతస్తుల ఇళ్లకు లిఫ్టు పెట్టారు గానీ, ఖర్చు కలిసొస్తుందని ఒకటి, మూడు, ఐదు అంతస్తుల్లోనే ఆగేలా పెట్టారు. పేదవాడి ఇంటికి ప్లాను గీస్తే పొదుపు అతని మోకాళ్ల దగ్గరే మొదలవుతుంది కాబోలు. ఈ పేటకు ర్యాప్‌లో అప్పటికే ఒక పేరు, ఒక గాయం రెండూ ఉన్నాయి. మార్లీ మార్ల్, ఎం.సి. షాన్ ఇక్కడివాళ్లే. వాళ్ల పేట గర్వాన్ని బ్రాంక్స్‌కు చెందిన బూగీ డౌన్ ప్రొడక్షన్స్ 1987లో ఒకే ఒక్క పాటతో నలుగురిలో నవ్వులపాలు చేసింది. ఆపైన క్రాక్ కొకెయిన్ వచ్చింది, తుపాకులు వచ్చాయి. నాస్‌కు తోడుగా సంగీతం మొదలుపెట్టిన స్నేహితుడు విల్లీ గ్రాహం 1992లో అక్కడే కాల్పుల్లో చనిపోయాడు. ఇవతల ఇంట్లో ఇంకో లోకం: తండ్రి ఓలు దారా మిసిసిపీ నుంచి వచ్చిన జాజ్ కళాకారుడు, కార్నెట్ వాయిస్తాడు. ఆల్బమ్‌లో ఒక పాట చివర వినిపించే కార్నెట్ ఆయనదే. వీధి నేర్పినదీ ఇల్లు నేర్పినదీ ఒకే గొంతులో కలవడానికి ఇంతకంటే పెద్ద చోటు అక్కర్లేకపోయింది. ఆల్బమ్ మొత్తంలో నాస్ లోకసంచారం చేయడు. తన భవనం, దాని మెట్లు, కింద బెంచీ, ఆ వీధి మలుపు, అంతే.

పనితనం అన్నాను గనుక ప్రాస దగ్గర కాస్త ఆగాలి. మన పద్యంలో ప్రాస పాదానికి రెండో అక్షరం దగ్గర కూర్చుంటుంది, యతి పాదం నడుమ. సినిమా పాటలో పని ఎక్కువగా అంత్యప్రాసది. తొలినాళ్ల ర్యాప్ కూడా ఈ చివరి దాని మీదే నడిచేది. వాక్యం చివర ఒక దరువు, మళ్లీ వాక్యం, మళ్లీ దరువు. 1987లో ఎరిక్ బి.తో కలిసి చేసిన 'పెయిడ్ ఇన్ ఫుల్'లో రకీమ్ ప్రాసను పాదం లోపలికి తీసుకెళ్లాడు. నాస్ ఆ దారినే పట్టి ఇంకా ముందుకు పోయాడు. అతని వాక్యం పాదం చివర ఆగదు, తర్వాతి పాదంలోకి పొంగిపోతుంది. ప్రాస మాత్రం ఆ ప్రవాహం మధ్యలో ఎక్కడెక్కడో తగులుతుంటుంది. వినేవాడికి మామూలు మాటలాగే ఉంటుంది, చెవి మాత్రం అల్లికను పట్టేస్తుంది. 'ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్' మొదటి చరణం చూడండి. కాల్పులు, మొరాయించిన తుపాకి, పరుగు. ఆ పరుగులో భవనం లాబీలోకి దూరితే అక్కడ నిండా పిల్లలు. వాళ్ల కళ్లకు తాను ఎంత ఎత్తులో కనిపిస్తాడన్న లెక్క ఆ కంగారులోనే అతని మనసులో మెదులుతుంది. బిల్డింగ్‌కు చిల్డ్రన్ ప్రాసగా పడటం అక్కడ అలంకారం కోసం కాదు. భవనమూ పిల్లలూ ఒకరి మీదొకరు పడ్డట్టుండే ఆ చోటునే ఆ శబ్దం చూపిస్తుంది. ఈ చరణాన్ని నాస్ ఒకే విడతలో రికార్డు చేశాడని ఆ పాట ప్రొడ్యూసర్ డీజే ప్రీమియర్ చెబుతాడు. మేధావి కథ చెప్పేవాళ్లకు ఇది ఇష్టమైన ఘట్టం. కానీ నోటికి ఒక్క ఊపులో రావాలంటే నోటుపుస్తకంలో అది ఎన్నాళ్లు నలిగి ఉండాలి?

సంగీతానిదీ అదే దారి. పీట్ రాక్, లార్జ్ ప్రొఫెసర్ లాంటి ప్రొడ్యూసర్ల చేతి పనిముట్టు ఎస్పీ-1200 అనే శాంప్లర్, పాత రికార్డుల్లోంచి శబ్దం ముక్కలు పట్టే యంత్రం. దాని మెమరీలో పట్టేది మొత్తం పది సెకన్ల శబ్దం. అందుకని 33 వేగంతో తిరగాల్సిన రికార్డును 45 మీద తిప్పి ఎక్కించి, తర్వాత యంత్రంలో వేగం తగ్గించేవారు. అలా మెమరీ మిగిలేది, శబ్దం మాత్రం కొంచెం గరుకుబారేది. ఆ గరుకే ఆ కాలపు న్యూయార్క్ ర్యాప్‌కు రంగు అయింది. పది సెకన్లే ఉన్నప్పుడు పాత పాటనంతా ఎత్తుకురాలేరు. అందులో ఏ ముక్క ప్రాణమో ముందుగా చెవితో తేల్చుకోవాలి. అహ్మద్ జమాల్ పియానో వాదనలోంచి పీట్ రాక్ తీసుకున్న ముక్క 'ది వరల్డ్ ఈజ్ యువర్స్' అయింది. జో చేంబర్స్ రికార్డులోని మంద్రస్థాయి పియానో ప్రీమియర్ చేతిలో అర్ధరాత్రి భయమైంది. ఇది పరుల సొమ్ము కదా అనే ఆక్షేపణ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 1991 చివర్లో బిజ్ మార్కీ కేసులో అమెరికా కోర్టు అనుమతి లేని శాంప్లింగ్‌ను దొంగతనమనే అంది. అసలు వాయించినవాడికి డబ్బు చేరాలన్న మాట న్యాయమే, దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే సొమ్ము ఎవరిదన్నది ఒక ప్రశ్న, పని ఎవరిదన్నది మరో ప్రశ్న. జమాల్ పియానోలో ఆ క్షణం దొర్లిపోతుంది. పీట్ రాక్ దాన్ని ఆపి, పదేపదే తిప్పి, కింద డ్రమ్స్ వేసి, దాని మీద ఒక మనిషి మాట్లాడగలిగేంత జాగా చేశాడు. ఆ వినికిడి అరువు తెచ్చుకున్నది కాదు.

'వన్ లవ్' పాటలో ఈ రెండు పనులూ ఒకచోట చేరాయి. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్‌కు చెందిన క్యూ-టిప్, హీత్ బ్రదర్స్ రికార్డులోంచి ఎంబిరా ధ్వనిని పట్టుకొచ్చాడు. ఎంబిరా బొటనవేళ్లతో మీటే ఆఫ్రికా వాద్యం, నీటిబొట్లలా పలుకుతుంది. దాని మీద నాస్ జైల్లో ఉన్న స్నేహితులకు ఉత్తరాలు రాస్తాడు. కొడుకు పుట్టాడనీ తండ్రి పోలికేననీ, పేటలో ఎవరికి ఏమైందనీ అన్నీ ఇంటి కబుర్లే. మూడో చరణంలో ఉత్తరం ఆగి బెంచీ వస్తుంది. దాని మీద పన్నెండేళ్ల పిల్లాడు, మత్తు అమ్ముతూ పెద్దమనిషిలా మాట్లాడుతున్నాడు. నాస్ వాడికి చెప్పే బుద్ధులు బడిపుస్తకంలోవి కావు, ఆ వీధిలో ప్రాణంతో మిగలడానికి పనికొచ్చేవి. వాడిని మార్చేశాననీ, కాపాడాననీ పాట ఎక్కడా చెప్పుకోదు. హింసను పొగిడే సంగీతమని ఈ ఆల్బమ్ మీద నేరం మోపేవాళ్లు ఆ బెంచీ దగ్గర కాసేపు కూర్చోవాలి.

స్త్రీల విషయంలో మాత్రం ఈ ఆల్బమ్ మీద నేరం నిలుస్తుంది. వాళ్లు ఇందులో దాదాపు లేరు, ఉన్న చోట మాట మొరటుగా ఉంటుంది. ఇరుకు ఇక్కడ బలం కాలేదు, చూపుకే అడ్డమైంది. ఆ మాట ఒప్పుకుంటూనే ఇంకో సంగతీ చెప్పాలి: 'ది సోర్స్' పత్రికలో దీనికి ఐదు మైకులిచ్చి సమీక్ష రాసింది మిన్యా ఓ అనే యువతి. ఐదు మైకులంటే ఆ పత్రిక ఇచ్చే అత్యున్నత స్థానం.

అమ్మకాలు చూస్తే ఇది విమర్శకులు నిలబెట్టిన కీర్తి అనిపించవచ్చు. దొంగ కాపీలు విడుదలకు ముందే చేతులు మారాయి. బిల్‌బోర్డ్ పట్టికలో పన్నెండో స్థానంతో మొదలైంది, ఐదు లక్షల గోల్డ్ గుర్తింపు 1996లో గానీ రాలేదు, ప్లాటినం 2001లో. కానీ 1996లోనే నాస్ ఇంకా విశాలంగా, ఇంకా మెరుపుగా చేసిన 'ఇట్ వాజ్ రిటెన్' నేరుగా మొదటి స్థానంలో దిగింది. అయినా జనం ఇప్పటికీ పోలిక తెచ్చేది పాతదానితోనే. హార్వర్డ్ 2013లో నాస్ పేరిట ఫెలోషిప్ పెట్టింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2020 సంవత్సరపు జాబితాలో ఇల్మాటిక్‌ను భద్రపరచదగిన రికార్డుగా చేర్చింది. విమర్శకులు ఒక పుస్తకాన్నో రికార్డునో ఏడాదో రెండేళ్లో మోయగలరు, పాతికేళ్లు మోయలేరు.

దీని వారసత్వంలో చిక్కు వేరే ఉంది. అంతకుముందు ర్యాప్ ఆల్బమ్ అంటే సాధారణంగా ఒక బృందం లేదా ఒక ప్రొడ్యూసర్ చేసే పని. డాక్టర్ డ్రే 'ది క్రానిక్' అలాంటిదే. ఇల్మాటిక్‌కు ప్రీమియర్, పీట్ రాక్, క్యూ-టిప్, లార్జ్ ప్రొఫెసర్, ఎల్.ఇ.ఎస్. తలో చెయ్యి వేశారు. తర్వాత అందరూ ఆ పద్ధతే పట్టి, పేరున్న ప్రొడ్యూసర్ల దగ్గర తలో బీటు కొని, ఆల్బమ్‌ను సంతగా మార్చారని కొందరి ఫిర్యాదు. ఫిర్యాదు నిజమే. కానీ ఆ ఐదుగురూ న్యూయార్క్ ర్యాప్‌లో పనిచేసినవాళ్లు, ఒకరి రికార్డులు ఒకరు విన్నవాళ్లు. పాటలు తొమ్మిది, ముందు ఒక చిన్న ప్రవేశిక, అతిథిగా మాట కలిపిన ర్యాపర్ ఏ.జెడ్. ఒక్కడే. అనుకరించినవాళ్లు పేర్ల జాబితాను తీసుకున్నారు, హద్దులను వదిలేశారు. ఇరవై పాటలు, ఊరికొక అతిథి.

పోనీ నిడివి తగ్గిస్తే చాలునా అంటే, అదీ కాదు. 2018లో కాన్యే వెస్ట్ ప్రొడ్యూసర్‌గా నాస్ 'నాసిర్' విడుదల చేశాడు. ఏడే పాటలు, ఇల్మాటిక్ కంటే పొట్టిది. దాన్ని ఇల్మాటిక్ పక్కన పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఆ ఏడాది కాన్యే వరుసగా విడుదల చేయించిన ఆల్బమ్‌లలో చాలావాటికి ఏడు పాటలే కొలత, నాస్‌కు దొరికిందీ అదే కొలత. 1994లో హద్దు గీసింది మాత్రం ఆ పేట, పది సెకన్ల యంత్రం, ఆ భవనం దాటి తాను చూడనిదాన్ని చూశానని చెప్పడానికి ఒప్పుకోని ఒక కుర్రాడు.