కొత్త డాబా, పాత మిద్దె

మార్కాపురంలో ఇవాళ ఇల్లు కొనాలనుకునే మధ్యతరగతి కుటుంబానికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, ఊరి శివారు వెంచర్లో రెండున్నర, మూడు సెంట్ల స్థలంలో బిల్డరు కట్టి అమ్మకానికి పెట్టిన కొత్త ఇల్లు. రెండోది, చెన్నకేశవస్వామి గుడి చుట్టుపక్కల పాత వీధుల్లో వారసులు అమ్మేస్తామంటున్న పాతిల్లు. గిద్దలూరులోనూ, కంభంలోనూ పరిస్థితి ఇంతే. బ్రోకరు మొదటిది చూపిస్తాడు, ఇంట్లో పెద్దవాళ్లు రెండోదాని వైపు మొగ్గుతారు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాక నా తీర్పు కొత్త ఇంటికే. అయితే ఆ ఇల్లు కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూసి ఉండాలి.

ముందు పాత మిద్దెకు రావలసిన మర్యాద ఇవ్వాలి. మందపాటి రాతి గోడలు, దూలాల మీద దంతెలు, వాటిపైన చవుడు మట్టి, కింద నాపరాళ్లు. మే నెలలో 45 డిగ్రీలకు అటూ ఇటూ కాసే ఎండలో ఆ ఇంట్లో మధ్యాహ్నం కునుకు తీయగలం. కొత్త డాబాలో అదే వేళకు స్లాబు వేడెక్కి రాత్రి పదింటి దాకా సెగ దించుతూనే ఉంటుంది. ఎండ సంగతి తెలిసి కట్టిన ఇల్లు మిద్దె. కానీ దాని బతుకంతా చాకిరీతోనే సాగేది. ఏటా తొలకరికి ముందు చవుడు పోయాలి, లేకపోతే కురుస్తుంది. దూలానికి చెద పట్టిందేమో చూస్తుండాలి. ఆ పని తెలిసిన మనుషులు ఇప్పుడు కరువయ్యారు. బాత్రూం, కరెంటు వైరింగు, మోటారు అన్నీ తర్వాత అతికించినవే. ఇక ముప్పై, నలభై ఏళ్ల కిందటి పాత స్లాబు ఇళ్లంటారా, వాటికి మిద్దె చల్లదనమూ లేదు, కొత్త ఇంటి సౌకర్యమూ లేదు. సీలింగు పెచ్చులూడి చువ్వ బయటపడిన ఇల్లు ఎంత చవకగా వచ్చినా స్థలం ధరకు మించి ఇవ్వకూడదు.

కొత్త ఇంటి గొప్పతనం పిల్లర్లలో, బీముల్లో, వైరింగులో, మరుగుదొడ్లలో ఉంది. రిపేరు ఖర్చు కొన్నేళ్లు ఉండదని అందరూ అంటారు. అది బాగా కట్టిన ఇంటికే వర్తిస్తుంది. మార్కాపురం ప్రాంతంలో బాగా కట్టడమంటే మొదటి ప్రశ్న సిమెంటు కంపెనీ గురించి కాదు, నీళ్ల గురించి అడగాలి. "అన్నా, స్లాబుకు ఎన్ని రోజులు నీళ్లు పెట్టారు?" అని మేస్త్రిని అడిగి చూడండి. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే పీపీసీ సిమెంటుకు, అందులోనూ మన లాంటి ఎండ ప్రాంతంలో, మడులు కట్టి 14 రోజులు తడి ఆరకుండా చూడాలన్నది ఐఎస్ 456 ప్రమాణం చెప్పే జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు పోసి, ట్యాంకరు నీళ్లు కొనుక్కుంటున్న బిల్డరు అన్ని రోజులు పెడతాడా? అయిదో రోజుకే చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ. పైగా వాడేది ఏ నీళ్లు? చువ్వలున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పు బోరు నీళ్లతో కలిపిన కాంక్రీటు కొన్న రోజున గట్టిగానే ఉంటుంది, తుప్పు మాత్రం లోపల మొదలవుతుంది.

ఈ లోపాలు రంగు కింద దాగుతాయి. అందుకే కొత్త ఇంట్లో హాలు వైభవం కన్నా ముందు, పిల్లరూ ఇటుక గోడా కలిసే చోట పైనుంచి కిందికి చూడాలి. ఎండకు కాంక్రీటూ ఇటుకా ఒకే తీరున సాగవు. ఆ అతుకు మీద ఇనుప జాలీ కొట్టి ప్లాస్టరింగు చేస్తే పగులు ఆగుతుంది. జాలీ ఎగ్గొడితే మొదటి వేసవిలోనే వెంట్రుక పాటి గీత నిలువునా దిగుతుంది. టైల్స్ మీద రూపాయి బిళ్లతో తడితే డొల్లగా మోగిన చోట కింద సిమెంటు పడలేదని అర్థం. మేడమీది బాత్రూంలో తూము మూసి ఒక రోజంతా నీళ్లు నిలబెడితే కింది గది సీలింగే చెమ్మతో నిజం చెబుతుంది. నల్లరేగడి నేల మీద లేచిన ఇంటికైతే పునాది ఎంత లోతున వేశారో కూడా అడగాలి. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చేది. పాతింట్లో ఈ పరీక్షలన్నీ కాలమే చేసి పెట్టింది. దాని జబ్బులు కంటికి కనబడతాయి, వాటికి ధర కట్టొచ్చు. కొత్త ఇంటి విషయంలో ఆ పని కొనేవాడిదే.

తాగే నీళ్ల విషయంలోనూ ఇదే తేడా. పాత వీధి బోరు ఏ కరువులో ఎండిందో పక్కింటి అవ్వను అడిగితే చెబుతుంది. శివారు వెంచర్లో నిరుడు వేసిన బోరుకు చరిత్రే లేదు. మన ప్రాంతానికి ఫ్లోరైడు బెడద ఉంది. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవాలి. బయానా ఇచ్చే ముందే సీసాలో నీళ్లు పట్టి పరీక్షకు పంపడం పెద్ద ఖర్చేమీ కాదు. వెలిగొండ నీళ్లొస్తాయని బ్రోచర్లో వేసుకుంటారు. 1996లో శంకుస్థాపన జరిగిన ప్రాజెక్టు అది, ఒక్కో సొరంగం దాదాపు 18.8 కిలోమీటర్లు. దానికోసం ఈ ప్రాంతం ఎంత ఎదురుచూసిందో అందరికీ తెలుసు. ఆ ఆశ మనందరిదీ. దాన్ని ఇంటి ధరలో కలిపి అమ్ముతుంటే మాత్రం ఒప్పుకోకూడదు.

కాగితాల దగ్గర రెండిళ్లకూ చిక్కులున్నాయి, అవి ఉండే చోటు వేరు. పాతింటి చిక్కు కుటుంబంలో ఉంటుంది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు (తర్వాత ప్రకాశం) జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి కాబట్టి పాత దస్తావేజుల్లో ఆ జిల్లా పేరే ఉంటుంది. దానికి కంగారుపడనక్కర్లేదు. కంగారుపడాల్సింది ఆడపిల్లల సంతకాలు లేనప్పుడు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు మన రాష్ట్రం 1985 సెప్టెంబరు నుంచే హక్కు ఇచ్చింది, 2005లో కేంద్ర చట్టమూ మారింది. అన్నదమ్ములు ముగ్గురూ సంతకం పెట్టారు కదా అని కొన్న ఇంటి మీద పదేళ్ల తర్వాత చెల్లెలు దావా వేస్తే న్యాయం ఆమె వైపే ఉండొచ్చు. నోటి మాటతో జరిగిన పంపకం ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో కనబడదు.

కొత్త ఇంటి చిక్కు నేలలో ఉంటుంది. గోడలు నిరుడు లేచినా కింద నేల పాతదే. అది అసైన్డ్ భూమా, వాగు పోరంబోకా, 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, లేఅవుటుకు అనుమతి ఉందా అన్నది తేల్చుకోవాలి. మార్కాపురం జిల్లా అవుతుందన్న మాట వినిపించినప్పుడల్లా పొలాలు వెంచర్లయిన చోట ఈ జాగ్రత్త రెండింతలు ఉండాలి. ఇంట్లోవాళ్ల గొడవను కూర్చోబెట్టి తేల్చుకోవచ్చు. నేల ప్రభుత్వానిదని తేలితే మాట్లాడుకోవడానికి ఎదురుగా ఎవరూ ఉండరు.

డబ్బు లెక్కలో పెద్ద తేడా లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు రెంటికీ ఒకటే, అన్నీ కలిపి 7.5 శాతం. పూర్తయి ధ్రువపత్రం వచ్చిన ఇంటికి జీఎస్టీ ఉండదు. బ్యాంకు మాత్రం పాత కట్టడానికి విలువ తగ్గించి కడుతుంది కాబట్టి చేతి నుంచి ఎక్కువ పెట్టుకోవాలి.

కొత్త ఇంటికి గ్యారంటీ ఉంటుందన్న నమ్మకం దగ్గర ఇంకాస్త ఆగాలి. జపానులో కొత్త ఇంటి ముఖ్య కట్టడానికి పదేళ్ల బాధ్యత చట్టంలోనే ఉంది. మన 2016 రెరా చట్టమూ నిర్మాణ లోపాలకు అయిదేళ్ల బాధ్యత పెట్టింది. కానీ 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు, దాటని స్థలంలో కట్టే ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊళ్లలో అమ్మకానికి పెట్టే ఇళ్లలో చాలావరకు ఒంటరిగా మూడు సెంట్లలో లేచేవే. హైదరాబాదులో ఫ్లాటు కొన్నవాడికి సులువుగా అందే రక్షణ మార్కాపురంలో ఇల్లు కొన్నవాడికి అందడం కష్టం. ఇది అన్యాయం. జీవితకాలం కూడబెట్టింది ఇద్దరూ ఒకేలా పెడుతున్నారు.

చట్టం అందని చోట అగ్రిమెంటులో రాయించుకోవాలి. పగుళ్లు, లీకులు, మోటారు, పైపులకు అయిదేళ్లు బాధ్యత బిల్డరుదని, ధరలో కొంత భాగం కార్తీక మాసం వానలు వెళ్లాకే చెల్లిస్తామని రాయించాలి. దీనికి ఒప్పుకోని బిల్డరు దగ్గర నేనైతే బేరం ఆపేస్తాను. ప్రతి వెంచర్లోనూ ఏడాది కిందటే పూర్తయి అమ్ముడుపోని ఇల్లు ఒకటి ఉంటుంది. వాస్తు బాగాలేదనో, కలిసిరాదనో జనం దాన్ని దాటేసి పక్కన రంగు ఆరని ఇంటికి ఎక్కువ ధర పెడతారు. గీత పడాల్సిన చోట అప్పటికే గీత పడి, చెమ్మ దిగాల్సిన చోట దిగి, బోరు ఒక వేసవి దాటిందో లేదో తేలిపోయిన ఇల్లు అది. మేస్త్రిని వెంటబెట్టుకుని ముందు ఆ ఇంటికి వెళ్లాలి.