'విధేయత' – 'మాట వినుట': తెలుగు బైబిలున నొక పదవిచారము

దేవునికి లోబడినవాడే స్వతంత్రుడని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికయందు 6వ అధ్యాయమున వాదించెను. తెలుగు పాఠకునకిది విరోధముగా తోచును. ఆ విరోధమున కొంత పౌలుది కాదనియు, 'విధేయత', 'లోబడుట' అను అనువాద పదములనుండి పుట్టినదనియు మా యభిప్రాయము.

గ్రీకు మూలమునందలి పదము 'హుపకొయే'. 'అకూవో' అనగా వినుట. దానికి 'క్రింద' అను నర్థముగల యుపసర్గము చేరినది. చెవియొగ్గి వినుటయే దాని మూలార్థము. తెలుగున 'మాట విను' అనినను అంతియే గదా! పిల్లవాడు మాట వినడనినచో వానికి చెవుడని యెవ్వరును గ్రహింపరు. మఱియు చిత్రమేమనగా, 5:19లో ఆదాము అపరాధమును తెలుపు పదము 'పరకొయే'. 'పర' యనగా ప్రక్క. మన 'పెడచెవిని పెట్టుట'కు ఇంతకంటె సన్నిహితమైన మాట మేమెఱుగము.

'విధేయ' శబ్దమున వినికిడి లేదు, విధింపదగినది విధేయము. (ఉద్దేశ్య విధేయములతో నిచట పనిలేదు.) పైగా అర్జీల చివర 'తమ విధేయుడు' అని వ్రాసి వ్రాసి ఆ పదమునకు కచేరీ వాసన పట్టించితిమి. అందు ఆజ్ఞ కలదు. ఆజ్ఞాపించువాని కంఠస్వరము లేదు. ఇట్టి విధేయతనుండి స్వాతంత్ర్యమెట్లు కలుగునని విద్యార్థి యడిగినచో ఉపాధ్యాయుడేమి చెప్పగలడు?

పౌలు తానే 'దాసుడు' అను పదమును వాడెను గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే, అది సంతలో కొనబడు బానిసను చెప్పు పదము. రామదాసును కొనియాడు తెలుగు చెవికి అందలి కార్కశ్యము వినబడదు. అది వేఱొక నష్టము. కాని శ్రోతల దౌర్బల్యమునుబట్టియే ఈ లౌకికోపమానమును గ్రహించినట్లు 6:19లో అతడే యొప్పుకొనెను. 8వ అధ్యాయమునకు వచ్చునప్పటికి దాసుడు పోయి కుమారుడు వచ్చెను. యోహాను సువార్త 15వ అధ్యాయమున శిష్యులను దాసులనక స్నేహితులనుటకు చూపిన హేతువును గమనింపదగును: తండ్రివలన విన్నదంతయు వారికి తెలుపబడినది. దాసునకు ఆజ్ఞ మాత్రమే తెలియును. స్నేహితునకు ఆజ్ఞలోని తలంపు తెలియును. గెత్సేమనే ప్రార్థనయందును కుమారుడు తన కోరికను ముందు చెప్పుకొని, పిమ్మటనే తండ్రి యిచ్ఛకు తలయొగ్గెను. 'విధేయత' యనినచో ఆ మొదటి సగము మఱుగుపడును.

'మాట వినుట' అంతటను చెల్లునని మేమనము. పశువులును మాట వినునందుము. ఫిలిప్పీయుల పత్రిక 2వ అధ్యాయమున సిలువ మరణము వఱకు సాగిన విధేయతను చెప్పుచోట ఆ పలుకుబడి తేలిపోవును. అచ్చట 'విధేయత'యే యుచితము. రోమా 6:17లో మాత్రము 'లోబడు' అనుటకంటె 'మాట విను' అనియుండినచో, దానికి ముందున్న 'హృదయ' శబ్దము సార్థకమై యుండెడిది.